వాకిట్లో అందుకున్న శోకం

మక్తల్,
20 ఫిబ్రవరి 2022.

చిట్యాలలో ఉన్న ఎస్తేరు వదినెకు నీ ఆడబిడ్డ సువార్తమ్మ వందనాలు.

ఫోను చేస్తే నేనేం అడిగినా "ఆఁ, తిన్న తిన్న" అంటావు. మందులు వేసుకున్నావా అంటే తిన్న. మనవరాలి జ్వరం తగ్గిందా అంటే తిన్న. నీ కొడుకు కొనిచ్చిన చెవి మిషను డబ్బాలోనే సుఖంగా ఉందని నీ కోడలు త్రివేణి చెప్పింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. దీనికైనా తిన్న అని జవాబు రాయవని నమ్మకం.

మా చర్చికి కొత్త పాస్టరు వచ్చారు, శివకృష్ణ అయ్యగారు. చిన్నవాడు, మంచివాడు, కానీ కీబోర్డు లేనిదే ప్రార్థన కూడా మొదలుపెట్టడు. పాటలన్నీ సంతోషమే. గుడ్ ఫ్రైడే ముందరి శ్రమల దినాలు వస్తున్నాయి కదా, అప్పుడు కూడా చప్పట్లేనా అని అడిగాను. "దేవుని బిడ్డలు ఏడ్వొద్దు టీచరమ్మా, మనకు మళ్ళ కలుస్తమన్న నిరీక్షణ ఉన్నది" అన్నాడు. "మరి బైబిల్ల విలాపవాక్యములని ఒక పుస్తకం ఎందుకు పెట్టిన్రు అయ్యగారూ, పేజీలు నింపెటందుకా?" అన్నాను. ఆయన నవ్వి, "గట్లయితే గుడ్ ఫ్రైడే నాడు మీ స్త్రీల సమాజమే అది పాడాలె" అని నా నెత్తిన పెట్టాడు. నోటి దురుసుకు తగిన శాస్తి.

ఇంటికొచ్చి మొదటి అధ్యాయం చదివాను. జనంతో కిటకిటలాడిన ఊరు పాడుబడి, మొగుడు పోయిన ఆడదానిలా ఒంటరిగా కూర్చుంటుంది. ముందు ఎవరో వచ్చి ఆ ఊరిని చూసి ఏడుస్తారు. తర్వాత ఊరే నోరు తెరిచి, దారిన పోయేవాళ్ళను పిలిచి తన బాధ చెప్పుకుంటుంది. ఇది మన శోకం కాదా వదినె? చావు ఇంటికి వచ్చిన మనిషి వాకిట్లో రాగం అందుకోవాలి, ఇంటి మనిషి లోపలి నుంచి జవాబివ్వాలి, ఇద్దరూ మెడలు పట్టుకుని పాడుతూ ఏడ్వాలి. యిర్మీయా ప్రవక్త మన పాలమూరు ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడేమో అనిపించింది.

ఆ రాగం మీ అమ్మ లక్ష్మీనర్సమ్మ అత్తమ్మది. ఆమె చర్చిలో ఎన్నడూ చేరలేదు గాని మా వాడలో ఎవరు పోయినా ముందు ఆమే వచ్చి ఏడ్చేది. శోకాలు పెట్టడం నమ్మకం లేనివాళ్ళ పని అని మా పెద్దలు వద్దన్నారు. వాళ్ళు వద్దన్నా ఆమె ఆగలేదు. ఇప్పుడు ఆ రాగం సరిగ్గా తెలిసింది నీకొక్కదానికే. వచ్చిన మనిషి గొంతు నాది, విధవలా కూర్చున్న ఊరి గొంతు నీది. నీకంటే బాగా ఎవరికి అతుకుతుంది? వారం ముందుగానే రా.

తిన్నావా అని మాత్రం అడగను.

నీ సువార్త


చిట్యాల,
1 మార్చి 2022.

మరదలు సువార్తకు ఎస్తేరమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. తిన్నాను.

విధవ వేషానికి విధవనే వెతుక్కున్నావు, రంగు పూసే ఖర్చు కూడా మిగిలింది. మక్తల్ చర్చిలో ముందు బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, ఊరు ఇట్లా పాడుబడింది చూడండి అని చూపిస్తావా? టీచరు ఉద్యోగం వదిలినా బొమ్మ చూపించి పాఠం చెప్పే అలవాటు పోలేదు నీకు.

నవ్వుతూనే రాస్తున్నాను గాని ఆ మాట గుచ్చుకుంది.

పోయిన మే నెలలో మీ అన్నను దవాఖాన నుంచి సంచిలో చుట్టి తెచ్చారు. మొహం చూపించలేదు. రోడ్డుకు ఇవతల నేను, అవతల ఒళ్ళంతా కప్పుకున్న మనుషులు, మధ్యలో హైవే మీద లారీలు. నేను నోరు తెరిస్తే "మాస్కు తియ్యకు అత్తమ్మా" అని త్రివేణి. ఆమె తప్పేం లేదు, అప్పటి భయం అట్లాంటిది. నన్ను పట్టుకుని ఏడ్వడానికి ఎవరూ దగ్గరకు రాలేదు. ఆ ఏడుపు లోపలే ఉండిపోయింది. అప్పటి నుంచి చర్చిలో పాట పుస్తకం తెరిచి పెట్టుకుంటాను గాని నోరు తెరవను. చెవులతో పాటు గొంతు కూడా పోయిందని పక్కవాళ్ళు అనుకుంటున్నారు, అనుకోనీ.

ఇంకొక మాట ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. ఆయన జ్ఞాపకార్థ కూడిక ఫోనులో పెట్టారు చూడు, ఆ రోజు తెర మీద నీ మొహం చూశాను. ఇస్త్రీ చీర కట్టుకుని, జుట్టు చక్కగా దువ్వుకుని కూర్చున్నావు. కంట తడి లేదు. సొంత అన్న పోతే ఏడ్వనిదానివి, ఇప్పుడు ఎప్పుడో పాడుబడిన యెరూషలేము కోసం ఏడుస్తానంటున్నావు. ఏడువు తల్లీ. నేను మాత్రం రాను.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మజ్జిగ తాగు, నీకు వేడి చేసే ఒళ్ళు.

నీ వదినె
ఎస్తేరు


మక్తల్,
13 మార్చి 2022.

అలిగిన వదినెకు, తిట్లు తిన్న సువార్త రాయునది.

విధవల్లో నేను నీకు సీనియర్‌ని. మా ఆయన పోయినప్పుడు నువ్వు పట్టుచీర కట్టుకుని తిరిగేదానివి. ఆ వేషం ముందు నాకు దక్కాలి, పెద్దమనసుతో నీకు ఇస్తే ఇన్ని మాటలన్నావు.

సరే, ఇస్త్రీ చీర సంగతి విను. ఆ చీర అన్న కొనిచ్చింది. వచ్చిన మనిషి అందుకోవాలని నాకూ తెలుసు. బస్సుల్లేక రాలేకపోయాను. ఫోనులో ఎవరి మెడ పట్టుకోను? తెర మీద నువ్వు గోడలా కూర్చున్నావు. నువ్వు అట్లా ఉంటే నేను మొదలుపెట్టడం నిన్ను కుళ్ళబొడవడమేనని పళ్ళు బిగపట్టుకున్నాను. నేను ఏడ్వలేదని నువ్వు, నువ్వు ఏడ్వలేదని నేను, ఏడాది కావస్తోంది. ఇద్దరం మంచి తెలివిగలవాళ్ళమే. అన్నకు రావలసిన ఏడుపు నేను ఇంకా ఏడ్వలేదు వదినె. ఆ ఏడుపు నువ్వు పక్కన లేకుండా నాకు రాదు.

ఇక అయ్యగారి సంగతి. మన శోకం రాగం రెండు వరుసలు పాడి వినిపిస్తే ముందు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు బైబిలు కాలేజీలో చదివింది చెప్పాడు. హీబ్రూలో కూడా ఆ వాక్యాలు అట్లాగే నడుస్తాయట, మొదటి సగం పొడుగు, రెండో సగం పొట్టి, కుంటినడక. పైగా ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో, వాళ్ళ అక్షరమాల వరుసలో మొదలవుతుందట. అంత దుఃఖంలో ఆ మనిషి అ ఆ ల వరుస తప్పలేదంటే నాకు భలే ముచ్చటేసింది. అక్షరాలు అయిపోయిన చోట ఏడుపు కూడా కాసేపు ఆగాలి కదా. ఎక్కడో ఒకచోట ఆగుతుందని తెలిస్తే మొదలుపెట్టడానికి ధైర్యం వస్తుంది.

మా సాధన మాత్రం నవ్వులపాలవుతోంది. దవాఖానలో నర్సు పని చేసే మనీష ఉంది, గొంతు బంగారం, కానీ శోకం అందుకుంటే జోలపాటలా ఉంటుంది. మొన్న ముందు వరుసలో పసిపిల్ల నిజంగానే నిద్రపోయింది. రాకపోతే మానె, ఎక్కడ తప్పుతున్నామో అదన్నా రాసి పంపు.

మజ్జిగ తాగుతూనే ఉన్నాను,
సువార్త


చిట్యాల,
24 మార్చి 2022.

సీనియర్ గారికి నమస్కారాలు.

నీ ఉత్తరం త్రివేణి చూడకుండా దొడ్లో కూర్చుని చదివాను. ఎందుకని అడగకు. చీర సంగతి నాకు తెలియదు. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను, కొన్ని ఉంచుకుంటున్నాను, ముందు ముందు పనికొస్తాయి.

మీరు తప్పుతున్నది అన్నిచోట్లా. మొదటి సగం పొడుగు, రెండోది పొట్టి అని మీ అయ్యగారు కాలేజీకి పోయి తెలుసుకున్నాడా? ఏడ్చే మనిషికి ఊపిరి అంతవరకే ఉంటుంది, అందుకే పొట్టి. మాట అయిపోయాక ఊపిరి తీసుకోవద్దు, మాట మధ్యలో తెగిపోవాలి, అక్కడ పీల్చుకోవాలి. చివరి అక్షరాన్ని పైకి ఎత్తొద్దు, కిందికి దింపి వదిలేయాలి. తాళం వద్దు, కీబోర్డు అసలే వద్దు. ఊరికే అయ్యో అయ్యో అనడం కూడా శోకం కాదు. పోయిన మనిషి ఏం తినేవాడో, ఎట్లా నడిచేవాడో, ఎవరిని కసిరేవాడో చెప్పాలి. అమ్మ అట్లా చెబుతుంటే చచ్చినవాడు లేచి కూర్చున్నట్టు ఉండేది. మీ ప్రవక్త కూడా ఊళ్ళో పండుగలకు వచ్చే జనం గురించీ, అన్నానికి అలమటించే పిల్లల గురించీ చెప్పాడు కదా, చూసుకో.

బెంచీల మీద కూర్చుని నేర్చుకుంటే ఈ జన్మలో రాదు. మీ ఇంట్లో పెట్టుకోండి. తలుపులు బార్లా తెరవండి. సగం మంది వీధి మలుపు నుంచి అందుకుంటూ రావాలి, సగం మంది లోపలి నుంచి జవాబివ్వాలి. పొద్దున పూట అయితే గొంతు బాగా లేస్తుంది.

నన్ను మాత్రం పిలవకు. నాకు భయం, సువార్తా. మొదలుపెడితే ఆగనేమోనని భయం. ఈ వయసులో కొడుకు ముందర, కోడలు ముందర అట్లా విరిగిపోతే మళ్ళీ ఎవరు అతికిస్తారు? వాళ్ళ అక్షరాలు ఎక్కడో అయిపోతాయి గాని నావి అయిపోతాయని ఎవరు చెప్పారు?

పసిపిల్లను నిద్రపుచ్చిన మనీషకు నా దీవెనలు.

ఎస్తేరు


మక్తల్,
6 ఏప్రిల్ 2022, మధ్యాహ్నం.

గురువు గారికి శిష్యురాలి మొర.

నువ్వు చెప్పినట్టే ఇవాళ పొద్దున మా ఇంట్లో తలుపులు బార్లా తెరిచి, సగం మందిని వీధి మలుపులో నిలబెట్టి మొదలుపెట్టాం. నీ పాఠం ఎంత బాగా పట్టుకున్నామంటే మనీష రెండో వరుస అందుకునేసరికి వీధి వీధంతా కదిలింది. నేను చచ్చిపోయానని!

ముందు కురుమయ్య వచ్చాడు, గొర్లను తోలుకుపోతున్నవాడు వాటిని అక్కడే వదిలేసి, బంతిపూల దండ కొనుక్కుని మరీ. నేను ఎదురుపడేసరికి దండ వీపు వెనక దాచుకున్నాడు. "తెచ్చినవ్ కద, వెయ్యి" అన్నాను. "నువ్వు బతికే ఉన్నవ్ కదనె టీచరమ్మా" అన్నాడు, కొంచెం నిరాశగానే. దండ పారేయడం ఎందుకని గుమ్మానికి తగిలించాను. పక్కింటి జన్నత్ బీ రంజాన్ ఉపవాసంలో ఉండి కూడా, చావు ఇంట్లో పొయ్యి వెలగదు కదా అని పెద్ద గిన్నెలో బగారా అన్నం, దాల్చా వండి తెచ్చింది. ఉపవాసం కదా, ఉప్పు చూడలేదు. ఉప్పు రెండుసార్లు పడింది. నాకోసం ఏడుస్తూ వండిన అన్నం, వంక పెడితే పాపం తగులుతుందని నీళ్ళు తాగుతూ తిన్నాను. స్త్రీల సమాజమంతా అరుగు మీద కూర్చుని తిన్నది.

ఉన్నానా పోయానా అని ఒకటే ఫోన్లు. ఉన్నాను అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఫోను కట్టేసి పెట్టాను. ఇక రేపటి దాకా తెరవను. తపాలా డబ్బా విప్పే వేళయింది, ఇది వేసి వచ్చి కాసేపు పడుకుంటాను.

ఇంకా ఉన్న
సువార్త


చిట్యాల,
11 ఏప్రిల్ 2022.

చచ్చి బతికిన మరదలికి ఎస్తేరమ్మ రాయునది.

నీ ఉత్తరం నేను మీ ఇంటి నుంచి తిరిగొచ్చాక అందింది. ఆ పొద్దున సాధన పెడుతున్నామని ముందే ఒక ముక్క రాసి ఉంటే నా బస్సు కిరాయి, నా పరువు రెండూ మిగిలేవి. నువ్వు ఈ కథను చర్చిలో పదిమందికి పది రకాలుగా చెబుతావు, అందుకని నా వైపు సంగతి రాసి పెడుతున్నాను.

మీ చుట్టం మల్లేశ్ బండి మీద పోతూ మీ ఇంటి ఏడుపు విని, ఆగి చూడకుండా త్రివేణికి ఫోను చేశాడు. త్రివేణి నా చెవిలో అరిచింది, "చిన్నత్తమ్మ పోయిందట" అని. ఆమె మా కొడుకును పిలుచుకు రావడానికి వాడు పనిచేసే షెడ్డుకు పరిగెత్తింది. నేను ఆగలేదు. మీ అన్న పోయినప్పుడు నువ్వు రాలేకపోయావు, నీ దగ్గరికైనా నేను అందాలని హైవే మీద దొరికిన బస్సెక్కాను. తర్వాత మల్లేశ్ కాదు కాదని ఫోను చేశాడట. నాకెట్లా తెలుస్తుంది? నీ ఫోను కట్టేసి ఉంది, నా చెవులు ఎప్పుడో కట్టేసి ఉన్నాయి. హైదరాబాదులో రాయచూరు బస్సు ఎక్కి, మక్తల్ దాకా పక్క సీటు ఆమెకు నీ గురించి చెప్పాను. అన్నీ మంచి మాటలే చెప్పాను. చచ్చావనుకున్నాను కాబట్టి చెప్పాను, బతికి ఉండగా ఆశపడకు.

మీ వీధి మలుపు తిరిగి గుమ్మానికి దండ, అరుగు మీద గిన్నెలు చూశాను. ఇక అనుమానం లేదు. అక్కడే అందుకున్నాను. "ఓ మరదలా, నా సువార్తా, చెప్పకుంట ఎటు పోతివే, నన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి మీ అన్న దగ్గరికే పోతివా" అని. అమ్మ గొంతు నా నోట్లోంచి వచ్చింది. జన్నత్ బీ చేతిలో ఖర్జూరంతో పరిగెత్తుకొచ్చి ఏదో అరుస్తోంది, నన్ను ఓదారుస్తోంది అనుకుని ఇంకా గట్టిగా ఏడ్చాను. నువ్వు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చావు.

నిన్ను చూశాక ఆపుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ మీ అన్న దగ్గరికి అని నోటితో అనేశాను కదా, ఏడుపు అటే వెళ్ళిపోయింది. ఆయన అడుగు మాడన్నం అడిగి మరీ తినేవాడని, ఇప్పుడు మాడు ఎవరికి గీకి పెట్టాలని, చివరికి మొహం కూడా చూడనియ్యలేదని, అన్నీ వీధిలో నిలబడే చెప్పాను. నువ్వు గరిటె కింద పడేసి నా మెడ పట్టుకున్నావు. "అన్నా, ఇంటి మనిషి వచ్చిందే, నువ్వేడున్నవే" అని జవాబిచ్చావు. నా చెవి దగ్గరే కదా, అది ఒక్కటి నాకు బాగా వినబడింది. ఎంతసేపు ఏడ్చామో నాకు తెలియదు. ఆగాము. అదే నాకు ఆశ్చర్యం, ఆగాము. తర్వాత ఆ ఉప్పు దాల్చా ఇద్దరం తిన్నాం.

గుడ్ ఫ్రైడేకు రాలేను. గొంతు పూర్తిగా పోయింది, డాక్టరు నోరు మెదపొద్దన్నాడు. త్రివేణికి ముందే పండుగ వచ్చింది. నా భాగం మనీషకు ఇవ్వు.

మాట రాని వదినె


మక్తల్,
18 ఏప్రిల్ 2022.

మౌనవ్రతంలో ఉన్న వదినెకు సువార్త ఈస్టరు శుభాలు.

శుక్రవారం సంగతి ముందు చెబుతాను. మేము కొందరం చర్చి బయటి నుంచి అందుకుంటూ లోపలికి వచ్చాం, మనీష లోపల ఊరి గొంతు పాడింది. నావంటి దుఃఖం ఎక్కడన్నా ఉందా చూడండి అని ఊరు దారినపోయేవాళ్ళను అడిగే చోట మనీష ఆగిపోయింది. మరిచిపోయిందేమో అనుకున్నాను. "ఓ నాయినా, మల్లికార్జునా, డ్యూటీల ఉంటి, నిన్ను చూడరాకపోతి" అని అందుకుంది. మేము నేర్పింది కాదు, అది వాళ్ళ నాయిన కోసం ఏడుపు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఇంకొక ఆమె తన మనిషి పేరు పెట్టి ఏడ్చింది. ఆమె అయ్యేసరికి మరొకరు. అందరూ ఆ కరోనా ఏడాది పోయినవాళ్ళే వదినె, ఎవరికీ ఏడుపు జరగలేదు. అయ్యగారు మొదట కీబోర్డు మీద ఒక్క వేలు ఆనించి ఉంచాడు. కాసేపటికి ఆ వేలు కూడా తీసేశాడు. మైకు ముందుకొచ్చి "మా అమ్మ గోపమ్మ" అన్నాడు. ఆమె కూడా ఆ మే నెలలోనే పోయిందట. మాలో ఎవరికీ చెప్పలేదు. పాపం, ఇన్నాళ్ళూ మా అందరి చేత ఎందుకు చప్పట్లు కొట్టించాడో అప్పుడు అర్థమైంది. ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఆటపట్టించడం మరో రోజుకు వాయిదా వేసుకున్నాను.

నేను అన్న పేరు ఎత్తలేదు. ఆయన కోసం నీ మెడ మీద ఏడ్చేశాను, ఇంకా మిగల్లేదు. నిన్న ఈస్టరుకు అయ్యగారు మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టాడు. ఈసారి నేనూ కొట్టాను.

ఇక నీ సంగతి. పెళ్ళయిన నాటి నుంచి "మీ అన్న", "వీళ్ళ నాయిన" తప్ప నీ నోట ఆయన పేరు రాలేదు. ఆ రోజు వీధి మధ్యలో "దేవసహాయమా, ఓ దేవసహాయమా" అని పిలిచావు. నీకు తెలుసో తెలియదో! జన్నత్ బీ ఇంకా అడుగుతోంది, అంత బాగా పిలిపించుకున్న ఆ దేవసహాయం ఎవరని. నా అన్న అని గర్వంగా చెప్పాను.

నీ గొంతు కోసం ప్రార్థించే
సువార్త


చిట్యాల,
25 ఏప్రిల్ 2022.

సువార్తకు ఎస్తేరు వదినె దీవెనలు.

పేరు పెట్టి పిలిచానని నాకు తెలుసు. అంతకంటే ఎక్కువ అడగకు, సిగ్గుగా ఉంది.

గొంతు కొంచెం తిరిగొచ్చింది. నిన్న చర్చిలో ఈస్టరు పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం పెదవులు మాత్రం కదిపాను. రెండో చరణంలో గొంతు దానంతటదే కలిసింది. నా పక్కన మీ అన్న కూర్చునే జాగా ఖాళీగా ఉంది. దాన్ని చూస్తూనే పాడాను. ముందు బెంచీల వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నారు. శ్రుతి తప్పుతున్నానేమో, నాకు వినబడదు కదా, త్రివేణి వైపు చూశాను. ఆమె కళ్ళు తుడుచుకుని నా చెవిలో అరిచింది, "జర తప్పుతున్నవ్ అత్తమ్మా, ఏం గాదు, పాడు" అని.

పాడాను.

ఎస్తేరు